మూడో వరుస కుట్టు

మేస్త్రీ పోయాడన్న కబురు నాకు ఇస్త్రీ బల్ల దగ్గర తెలిసింది. మా షెడ్డులో కాగితాల పని చూసే హైదరాబాదు భాయ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, "అమ్మా, మేస్త్రీ గుజర్ గయే. పొద్దుగాలనే పోయిండంట," అన్నాడు. నేను ఇస్త్రీపెట్టె ఎత్తలేదు. గుడ్డ కమురు వాసన వచ్చాక ఎత్తాను. ఆ షెడ్డులో నేను కాల్చిన మొదటి గుడ్డ అదే. మేస్త్రీ ఉండి ఉంటే దాన్ని నా మొహాన విసిరికొట్టేవాడు.

నాకు చదువు రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది మా చెల్లెలి కోడలు. మెత్తగా మార్చి రాయనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ మనిషి మంచి చెప్పాలంటే ముందు ఆయన మాకు చేసిన చెడు చెప్పాలి. ఆ తర్వాత నేను ఆయనకు చేసింది చెప్పాలి. దీన్ని సంతాపం అనుకుంటారో ఫిర్యాదు అనుకుంటారో మీ ఇష్టం.

మాది కడప జిల్లా. ఇంటిపనికని జెడ్డా పోయాను. మా కఫీల్ తల్లికి తొమ్మిదేళ్ళు సేవ చేశాను. కఫీల్ అంటే మన పాస్‌పోర్టును తన బీరువాలో పెట్టుకుని తాళంచెవి జేబులో వేసుకునే యజమాని. ఆ ముసలమ్మ కన్నుమూశాక, కుట్టుపని వచ్చుకదా అని నన్ను ఊరి దక్షిణాన ఉన్న తన షెడ్డుకు మార్చాడు. అక్కడ విమానాల సీటు కవర్లు ఉతుకుతారు, చిరిగినవి కుడతారు, పాతవాటి స్థానంలో కొత్తవి చేస్తారు. పొరుగు దేశం విమాన కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చేది. పేరు చెప్పను, చెప్పి లాభమూ లేదు. వాళ్ళవి రెండంతస్తుల విమానాలు. ఒక్కోటి ఒక ఊరిని మోస్తుంది. మక్కా యాత్రకని, ఉమ్రాకి, హజ్‌కి వచ్చే జనమంతా వాటిలోనే దిగేవాళ్ళు.

ఆ కవర్లను ముట్టుకుంటే వాటి మీద ఎవరు కూర్చున్నారో తెలిసేది. అత్తరు మరక, గోరింటాకు మరక, తలనూనె, సీటు సందుల్లో ఖర్జూరం గింజలు. వచ్చిన ప్రతి కవరుకూ ఒక చీటీ కట్టి ఉండేది. ఆకుపచ్చ చీటీ అయితే విమానం ఎక్కవచ్చు. ఎర్ర చీటీ అయితే పనికిరాదు, పారేయాలి. అక్షరం రాని నాకు ఈ రెండు రంగులే చదువు.

మేస్త్రీది సిరిసిల్ల వైపు. మగ్గాలు మూలపడ్డాక కుట్టు మిషను ఎక్కినవాడు. మొదటి రోజు నేను కుట్టిన కవరును చేతిలోకి తీసుకుని, దాని అంచు మీద బొటనవేలు జరుపుకుంటూ పోయాడు. చూడలేదు, లెక్కపెట్టాడు. కుట్లను ఆయన వేలితోనే లెక్కపెట్టేవాడు, మనం జపమాల తిప్పినట్టు. సగం దాకా పోయి ఆగి, బ్లేడు తీసి ఈ చివర నుంచి ఆ చివరకు కోసేశాడు.

"ఓ కడపక్కా, ఇది దిండు గలేబు గాదు. దీని మీద మనిషి ఆరు గంటలు కూసుంటడు, ఎరుకేనా?"

"కూర్చుంటే కూర్చోనీ. నేనేమన్నా ముండ్లు పెట్టి కుట్టినానా?"

"ముండ్లు వెట్టినా బాగుండు. వదులు వెట్టినవ్. వదులు కుట్టు మీద కూసున్నోనికి ఏం గాదు. వాని ఎనకొచ్చేటోనికి ఊడుతది."

ఆ వారంలో నా కవర్లు ఏడు కోశాడు. నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఈ పిల్ల రాయనంటోంది. ఎనిమిదోది కోయలేదు, బాగుందని కూడా అనలేదు. దాన్ని మడిచి ఆకుపచ్చ చీటీ కట్టి, ఆ చీటీ నా చేతికిచ్చి ముడి నన్నే వేయమన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

ఎర్ర చీటీ కవర్లను ఆయన పారేసేవాడు కాదు. మూలన ఒక డ్రమ్ములో వేసుకుని, చేతిలో పనిలేని పూట ఒక్కోటి తీసి, అరిగిన పట్టీ కోసి, బాగున్న పట్టీ ఇంకోదాని నుంచి తెచ్చి అతికి, మళ్ళీ పరీక్షకు పంపేవాడు. పదిలో ఆరు ఆకుపచ్చ అయి తిరిగొచ్చేవి. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే, "ఎర్ర చీటీ అంటె సచ్చిందని గాదక్కా, ఇంక చెయ్యి వడలేదని," అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మమ్మల్ని ముంచింది ఇదే.

నవ్వు వచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. షెడ్డులో చెయ్యి విరిగిన మూడు సీట్ల బల్ల ఉండేది, కొత్త కవరు తొడిగి చూడటానికి. దాని మీద మమ్మల్ని ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఒకరోజు మేస్త్రీ తెల్ల తువ్వాళ్ళు రెండు తెచ్చి, ఒకటి నడుముకు చుట్టి, ఒకటి భుజాన వేసుకుని ఆ బల్ల మీద కూర్చుని ముందుకు జారటం మొదలుపెట్టాడు. జారి లేవటం, మళ్ళీ కూర్చుని జారటం. అరవై దాటిన మనిషి. అప్పుడే కఫీల్ లోపలికి వచ్చాడు. హాజీలు కట్టే ఇహ్రాం గుడ్డలను వెక్కిరిస్తున్నాడనుకుని మొహం ఎర్రగా చేసుకున్నాడు. భాయ్ అడ్డం పడి అరబీలో చెప్పాడు. "వెక్కిరింపు కాదు సాబ్, హాజీల గుడ్డ ముతకది, ముందు అంచు మీద రాసుకుంటుంది, అక్కడ ఎన్ని రోజులకు అరుగుతుందో చూస్తున్నాడు." కఫీల్ కాసేపు చూసి, వెళ్ళిపోతూ తల తిప్పి నవ్వాడు. అతను మమ్మల్ని చూసి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక చెడు చెబుతాను.

ఆ రోజుల్లో సౌదీలో కంపెనీలకే రంగులు వేయటం మొదలైంది. నితాఖత్ అంటారు. ఎంతమంది సౌదీవాళ్ళను పనిలో పెట్టుకున్నారో చూసి కంపెనీని ఆకుపచ్చలోనో ఎర్రలోనో పెడతారు. పైగా పరాయి దేశం మనిషి ఒక్కొక్కరికీ యజమాని నెలనెలా లెవీ కట్టాలి. మా షెడ్డులో సౌదీవాడు ఒక్కడూ లేడు. ఒక పొద్దున భాయ్ వచ్చి, "మనం రెడ్డులో పడినం," అన్నాడు.

ఎర్రలో పడితే మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులు, మళ్ళీ రాసివ్వరు. కార్డు లేని మనిషి గేటు దాటితే పోలీసులు పట్టుకుపోతారు. కానీ అందులోనే ఒక తలుపు తెరుచుకుంది. ఎర్ర కంపెనీలో ఉన్నవాళ్ళు ఆకుపచ్చ కంపెనీకి మారాలంటే కఫీల్ సంతకం అక్కర్లేదు. ఈ సంగతి భాయ్ చెవిలో చెప్పినట్టు చెప్పి, తాయిఫ్‌లో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కంపెనీ మనిషిని కూడా పిలిపించాడు. వాడు వ్యాను తెచ్చుకుని వచ్చాడు. మేస్త్రీ కాక మేము పదకొండు మందిమి, అందరినీ తీసుకుంటానన్నాడు. తాయిఫ్ కొండ మీద ఊరు, చల్లగా ఉంటుంది, అక్కడి కఫీల్ మంచివాడు అన్నాడు. నేను నా పెట్టె కట్టేశాను.

అప్పుడు మా బల్లల మీద ఒక పెద్ద విమానం పై అంతస్తు మొత్తం పరిచి ఉంది. ఆ కంపెనీకి కొత్త విమానాలు అనుకున్న వేళకు రావటం లేదట. అందుకని పాత పెద్దవాటినే ఇంకో పదేళ్ళు నడపాలని తీర్మానించారు. రెక్కలు, చక్రాలు, సీట్లు అన్నీ విప్పి బాగుచేయిస్తున్నారు. వాళ్ళ మనిషి వచ్చి మేస్త్రీతో, "దస్ సాల్ చల్నా చాహియే," అని చెప్పి పోయాడు. పదేళ్ళు. ఆ మాట విన్నప్పుడు మేస్త్రీ మొహం చూడాలి మీరు. కొడుకు పుట్టాడని చెబితే కూడా అంత వెలుగు రాదు.

"పదేండ్లంటె ముందు అంచుకు రెండు వరుసలు సాలయ్," అన్నాడు. "మూడో వరుస ఎయ్యాలె."

"వ్యాను బయట ఉండాది మేస్త్రీ," అన్నాను.

"ఉండనీ. వారం దినాలు ఆగమను."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? కంపెనీ ఎర్రలో పడింది. ఈ తలుపు ఎన్నాళ్ళు తెరిచి పెడతారో ఎవురికి తెలుసు?"

"పడ్తె? చెయ్యి వడితె లేస్తది. మనం పని ఇడిసిపెట్టి వోతె కంపెనీకి కాంట్రాక్టు వోతది. పని నిలవెడితె అదే ఆకుపచ్చ అయితది."

"అయ్యా, కంపెనీ గుడ్డ గాదు. గుడ్డలం మనం."

ఆయన అందరి వైపూ తిరిగాడు. గొంతు పెంచలేదు. "సగం కుట్టిన గుడ్డ ఇడిసిపోయినోడు యాడికి వోయినా సగం మనిషే. ఈ విమానం దిగనీ, మీ పెట్టెలు నేనే నెత్తి మీద మోస్త."

పది మంది తల వంచుకున్నారు. వాళ్ళలో ఆయన చేత బ్లేడు దెబ్బ తినని కవరు కుట్టినవాడు ఒక్కడూ లేడు. పని నేర్పినవాడి మాట కాదనటం మనవాళ్ళకు చేతకాదు. నాకు చేతనవును. మరి నేనెందుకు ఆగాను? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. ఒక్కదాన్నే ఎక్కితే వ్యాను కదపనని తాయిఫ్ మనిషి అన్నాడు, అదొక కారణం. ఇంకోటి ఏంటంటే, ఆ మూడో వరుస ఎలా వస్తుందో చూడాలని నాకూ ఉంది. అదీ నిజమే, రాయవే పిల్లా.

తొమ్మిది రోజులు కుట్టాం. ఎనిమిదో రోజున కఫీల్ తన చెల్లెళ్ళను, మేనల్లుళ్ళను, బావమరుదులను షెడ్డులో పనివాళ్ళుగా కాగితం మీద రాయించాడు. ఆ మొహాలు మేము ఏనాడూ చూడలేదు. కంపెనీ ఆకుపచ్చ అయింది. తలుపు మూసుకుంది. ఇక ఎక్కడికి మారాలన్నా కఫీల్ సంతకమే కావాలి, అతను పెట్టడు.

పదో రోజు కఫీల్ పెద్ద తబకు నిండా కబ్సా, అంటే మాంసం వేసి వండిన అన్నం, పంపాడు, పండగ చేసుకోమని. అందరం నేల మీద కూర్చున్నాం. మేస్త్రీ మాంసం ముక్క తుంచుతూ, "చూసినవా అక్కా, లేచింది," అన్నాడు. అప్పుడే తాయిఫ్ మనిషి గేటు దగ్గరికి వచ్చి, భాయ్‌తో రెండు మాటలు మాట్లాడి, ఖాళీ వ్యాను తిప్పుకుని పోయాడు. భాయ్ వచ్చి సంగతి చెప్పాడు. మేస్త్రీ చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. నేను లేచి, నా పళ్ళెం తీసుకుపోయి ఆయన ప్రాణంగా చూసుకునే మూడు సీట్ల బల్ల మీద బోర్లించాను. నెయ్యి, అన్నం, మసాలా అన్నీ కవరులోకి ఇంకాయి.  ఆయన ఆ కవరు విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ తొడిగాడు. ఆ తర్వాత నా గుడ్డ ఏనాడూ కోయలేదు. కోసి ఉంటే బాగుండేది.

లెవీలు పెరిగాయి. కఫీల్ మా కార్డులు రాయించటం మానేశాడు. గేటు లోపలే బతుకు. రెండేళ్ళకు మేస్త్రీకి ఊపిరి సరిగా ఆడకుండా పోయింది. రెండు కుట్లు వేసి ఆగేవాడు. ఒకరోజు మిషను మీదే ఒరిగిపోయాడు. కార్డు లేదు కాబట్టి బీమా లేదు. కఫీల్ చెప్పగా భాయ్ ఆయన్ని కారులో వేసుకుపోయి సర్కారు ఆసుపత్రి గుమ్మం ముందు దించి వచ్చాడు. మర్నాడు కఫీల్ ఆయన మీద హురూబ్ రాయించాడు. పని వదిలి పారిపోయాడని యజమాని ఇచ్చే ఫిర్యాదు అది. మేస్త్రీ పారిపోయాడట! సగం గుడ్డ వదలకూడదని పదకొండు మందిని కట్టేసినవాడు, లేవలేక మంచం మీద పడి ఉన్నవాడు, పారిపోయాడట.

నేను నల్ల అబాయా వేసుకుని, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా కప్పుకుని, కార్డు లేకుండానే ఆసుపత్రికి పోయాను. పోయే ముందు భాయ్ నాతో ఒక సంగతి చెప్పాడు. మేము మూడో వరుస వేసిన విమానం ఉంది చూశారూ, దాని రెక్కల్లో పగుళ్ళు బయటపడ్డాయట. బాగుచేయటం దండగని పక్కన పెట్టారట. దాన్ని విప్పి, ఆ సామాను మిగతా పెద్ద విమానాలకు వేసి వాటిని నడుపుతున్నారట. మా కుట్లు వేసుకుని అది ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదట.

మంచం మీద మేస్త్రీ చిక్కి సగమయ్యాడు. ముక్కుకు గొట్టం ఉంది. బొటనవేలు మాత్రం దుప్పటి అంచు మీద నడుస్తూనే ఉంది, కుట్లు లెక్కపెడుతూ. నన్ను కళ్ళను బట్టి గుర్తుపట్టాడు.

"కడపక్కా, హజ్ సీజను గదా. మన విమానం ఎగురుతున్నదా?"

ఎగురుతోంది అంటే సరిపోయేది. ఒక్క మాట. నాకు ఆ క్షణంలో ఖాళీగా తిరిగిపోయిన వ్యాను కనబడింది.

"యాడ ఎగిరేది? దాన్ని విప్పేసినారు మేస్త్రీ. నువ్వు పదకొండు మందిని కట్టేసి కుట్టించిన విమానం లేవనే లేదు."

 తల కాస్త ఎత్తి, "కవర్లు? కవర్లు తీసి వేరే దానికి ఎక్కించిండ్రా?" అన్నాడు.

నాకు తెలియదు. భాయ్ ఆ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. తెలియదని చెప్పవచ్చు.

"చెత్తలో ఏసినారు," అన్నాను.

దెబ్బ తగలాలనే అన్నాను. తగిలింది. దుప్పటి మీద నడుస్తున్న వేలు ఆగిపోయింది. ఆయన గోడ వైపు తిరిగాడు. నేను లేవబోతుంటే అటు తిరిగే ఉండి, "తాయిఫ్ సల్లగుంటదటనా, అక్కా?" అన్నాడు.

"నాకేం తెలుసు? నువ్వు పోనిస్తే గదా," అని వచ్చేశాను.

నాలుగో రోజున పోయాడు.

పారిపోయినవాడు అన్న మచ్చ తీసేదాకా శవాన్ని దేశం దాటనివ్వరు. రెండు నెలలు ఆ మనిషి చల్లటి పెట్టెలో ఉన్నాడు. నేను భాయ్‌ని వెంటబెట్టుకుని లేబరు ఆఫీసు గుమ్మంలో కూర్చున్నాను. పట్టుకుపోతే పట్టుకుపోండి అని కూర్చున్నాను. నా భాష వాళ్ళకు అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైంది. చివరికి కఫీల్ ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. పనిలో పనిగా నా పీడ కూడా వదిలించుకోవాలని నా పాస్‌పోర్టు మీద ఇక తిరిగి రాకుండా పంపే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించాడు. మేస్త్రీ శవపెట్టె సిరిసిల్ల చేరాక ఆయన భార్య ఫోను చేసింది.

"వదినా, నువ్వే గదా ఆఖరికి సూసింది. ఏమన్న అన్నడా?"

"నీ పేరే తలుచుకున్నాడమ్మా," అన్నాను. ఆ మాట కూడా అబద్ధమే. ఆయనకు ఒక అబద్ధం చెప్పాను, ఆమెకు ఒకటి చెప్పాను. ఆమెకు చెప్పింది తీసుకోను. ఆయనకు చెప్పింది తీసుకోవటానికి దారి లేదు. అమ్మా, ఎవరైనా నీకు ఇది చదివి వినిపిస్తే, నీ భర్త ఎవరి సొమ్మూ తినలేదు, ఎక్కడికీ పారిపోలేదు. అది మాత్రం నిజం.

నా ప్రయాణం రెండంతస్తుల విమానంలోనే పడింది. ఇన్నేళ్ళు దానికి బట్టలు కుట్టి, లోపల అడుగుపెట్టటం అదే మొదలు. కింది అంతస్తులో, బాగా వెనక, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. పక్కన ఉమ్రా చేసుకుని పోతున్న ఒక ముసలామె. ఒళ్ళో ఖర్జూరాల డబ్బా పెట్టుకుని నాకూ ఒకటి ఇచ్చింది. తిని గింజ ఎక్కడ వేయాలా అని కిందికి చూస్తుంటే, చెయ్యి అలవాటుగా మోకాళ్ళ కిందికి, సీటు ముందు అంచుకు పోయింది.

ఒక వరుస. రెండు వరుసలు. ఆ పక్కనే ఇంకోటి.

మూడో వరుస మేము ఆ ఒక్క విమానానికే వేశాం. ముందూ వేయలేదు, తర్వాతా వేయలేదు. ముసలామెను కాళ్ళు కాస్త జరపమని ఆమె సీటు అంచు కూడా తడిమాను. మూడు వరుసలు. బెల్టు విప్పి ముందు వరుస వాళ్ళ మోకాళ్ళ సందున చెయ్యి పెట్టాను. మూడు. "క్యా గుమ్ హో గయా, బహెన్?" అని ముసలామె అడిగింది, ఏం పోగొట్టుకున్నావని. విమానం అమ్మాయి పరుగున వచ్చి నన్ను కూర్చోబెట్టి, మళ్ళీ బెల్టు బిగించింది.

పై అంతస్తుకని కుట్టినవి కింద ఉన్నాయి. తీసి ఎక్కించారు. ఒక్కటి కూడా చెత్తలో వేయలేదు.

విమానం లేచింది. ముసలామె ఖర్జూరం జిగురు చేతిని సీటుకు తుడవబోతే, పట్టుకుని ఆపి నా కొంగు ఇచ్చాను. ఆమె నిద్రపోయింది. ముందు వరుసలో వాళ్ళు, అవతల వాళ్ళు, అందరూ ఒరిగి, ముందుకు జారి నిద్రపోయారు. నేను బొటనవేలు అంచు మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుకుంటూ పోయాను. నడుమ ఒకచోట నా వదులు కుట్టు తగిలింది. దాని మీదే ఇంకో కుట్టు ఉంది, బిగువుగా, మేస్త్రీ చేతి కుట్టు, నాకు తెలియకుండా వేసినది. నా వేలు అక్కడ ఆగిపోయింది.